మూడో మిషన్లో దూరేది ఎవరు?

ఆ వర్క్‌షాపులో మూడో మిషను దగ్గరికి చీకటి పడ్డాక, దాన్ని నడిపే మనిషి తప్ప ఎవరూ వెళ్ళరు. తప్పనిసరైతే ఇద్దరు కలిసి వెళ్తారు, అదీ గట్టిగా మాట్లాడుకుంటూ. పగలంతా ఇనుముతో కుస్తీలు పట్టే మొగాళ్ళు, ఒక్కటిచ్చుకుంటే చెంప పగిలే మనుషులు — రాత్రయ్యేసరికి అటువైపున్న బాత్రూముకి కూడా పోకుండా బిగబట్టుకుని కూర్చుంటారట. వినడానికే నాకు అసహ్యం వేసింది.

మూడో మిషనంటే అల్యూమినియం దిమ్మల్ని తొలిచి అచ్చులు తయారుచేసే మిల్లింగ్ మిషను. దాన్ని నడిపేది మనిషి చెయ్యి కాదు, పక్కనే ఇనప బీరువాలో ఉన్న కంప్యూటరు. అందులో లైనక్సు అనే సాఫ్ట్‌వేరు. ఎక్కడ కొయ్యాలో, ఎంత లోతు కొయ్యాలో అదే చూసుకుంటుంది, మోటార్లని అదే తిప్పుతుంది. దిమ్మ బిగించడం, కోసే కట్టరు మార్చడం, కళ్ళప్పగించి చూస్తూ నిలబడటం — మనిషి పనల్లా అంతే.

పగలు ఏ పేచీ లేకుండా నడుస్తుంది. రాత్రి మాత్రం... నడుస్తూ నడుస్తూ ఉలిక్కిపడుతుంది. ఒక్క కుదుపు. రెప్ప వేసినంత సేపు కూడా ఉండదు. టక్‌మని చప్పుడు — మళ్ళీ ఏమీ ఎరగనట్టు తన పని తాను చేసుకుపోతుంది. కానీ ఆ కుదుపులో కట్టరు దారి తప్పుతుంది. నున్నగా రావాల్సిన అచ్చు మీద గాటు పడుతుంది. రోజుల తరబడి చేసిన పని తుక్కులోకి పోతుంది.

"చెయ్యి పట్టుకుంటాడు," అంటాడు గేటు దగ్గరి వాచ్‌మన్ తాత, గొంతు తగ్గించి. "తన మిషను ఇంకొకళ్ళు తిప్పుతుంటే చూళ్ళేక... దాని చెయ్యి పట్టుకుని లాగుతాడు."

ఎవరయ్యా ఆ లాగేవాడంటే, అంతకుముందు అదే మిషను మీద రాత్రి షిఫ్టు చేసిన ఆపరేటరు. ఒక రాత్రి కట్టరు విరిగింది. ముక్క ఎగిరి, ముందున్న ప్లాస్టిక్ తలుపుని చీల్చుకుని వచ్చి అతని గొంతులో దిగింది. తాత పరిగెత్తుకెళ్ళేసరికే అంతా అయిపోయింది.

నిలబడి నిద్రపోయాడని ఓనరు పోలీసులకి చెప్పాడు. మెలకువగా ఉంటే మిషను తేడాగా నడుస్తున్నప్పుడే ఎర్ర బటన్ నొక్కేవాడన్నాడు. పోలీసులు రాసుకున్నారు. పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా, ఎంత సుఖం! ఆ రోజు నుంచి షెడ్డులో అతనికి పేరు లేదు. 'నిద్రమొహం' అంటారు. ఒకే గిన్నెలో తిన్నవాళ్ళే అంటారు. నిద్రమొహం దెయ్యమై తిరుగుతోందని భయపడేదీ వాళ్ళే.

ఈ కథ నాకు మా బావ చెప్పాడు, మా అక్క మొగుడు. ఫ్యాక్టరీల్లో కంప్యూటర్లు బాగుచెయ్యడం ఆయన వృత్తి. తన తెలివి మీద ఆయనకున్నంత నమ్మకం ఆయన మీద మా అక్కకి లేదు. మామూలుగా ఆయన మాటల్లో సగం నేను వినేటప్పుడే కొట్టేసుకుంటాను. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆయన ఒక్క గొప్పా పోలేదు, అందుకే నమ్మాను.

బావని పిలిపించింది ఓనరే. దెయ్యాన్ని పట్టుకోమని కాదు.

"నీ విద్యంతా వాడి ఒక్క ముక్క తేల్చి చెప్పు," అన్నాడట. "ఆ రాత్రి షిఫ్టు పిల్ల నిద్రపోతోందా, లేదా? దిమ్మ మీద దిమ్మ తగలేస్తోంది. ఇంకొక్కటి పాడైతే గేటు బయటే."

"దెయ్యమని అంటున్నారటగా సార్, అందరూ?"

"అననివ్వవయ్యా. మంచిదే. అదుందని తెలిసినప్పట్నుంచీ రాత్రిళ్ళు షెడ్డులోంచి ఒక్క మేకు పోలేదు," అని పళ్ళికిలించాడట.

చచ్చిన మనిషిని కూడా జీతం లేని కాపలాకి పెట్టుకున్న ఘనుడు. బావ ఆ మాటకి నవ్వి వచ్చాడు. నవ్వినందుకు ఆయన్ని నేను ఇప్పటికీ దెప్పుతుంటాను.

ఆ రాత్రి షిఫ్టు పిల్ల ఎవరో కాదు, పోయిన ఆపరేటరు సొంత చెల్లెలు. అన్న దగ్గరే పని నేర్చుకుంది. వేరే గతిలేక అదే చోటికి వచ్చిందని అందరూ అనుకున్నారు. బావ కూడా అలాగే అనుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంటూ పెద్దమనిషి తరహాలో ఓ సలహా పడేశాడు.

"చూడమ్మా, మనిషన్నాక నిద్ర రావడం తప్పుకాదు. ఒప్పేసుకుంటే నేను నచ్చజెప్తాను ఆయనకి."

ఆ అమ్మాయి చేతులు తుడుచుకుంటున్న గుడ్డని పక్కన పెట్టింది.

"మా అన్న ఇంట్లో మంచం మీదే సరిగ్గా నిద్రపోయేవాడు కాదు సార్. మిషను ముందు నిలబడి నిద్రపోతాడా? అది తేల్చుకుందామనే వచ్చాను నేనిక్కడికి. ఇప్పుడు నన్ను కూడా నిద్రపోయిందని గెంటేస్తే... ఇంటిల్లిపాదీ నిద్రమొహాలమే. ఇంక మా మాట ఎవరు నమ్ముతారు?"

బావ రెండో సలహా పడెయ్యకుండా పనిలోకి దిగాడు. ఆయన జీవితంలో అది అరుదైన సంఘటన.

సరే, బీరువా తలుపు తీశాడు. లోపల ఉన్నది మామూలు కంప్యూటరు కాదు, పాత సర్వరు. ఎక్కడో ఆఫీసు ఎత్తేస్తుంటే ఓనరు చవగ్గా కొట్టుకొచ్చాడు. గదినిండా జనానికి సేవ చెయ్యాల్సిన డబ్బాని తెచ్చి ఒక మిల్లింగ్ మిషనుకి కట్టేశాడు. పెద్దది కాబట్టి బాగా పనిచేస్తుందని ఆ మహానుభావుడి లెక్క. పక్క మిషన్లకి అరచేతి మందాన బుల్లి కంప్యూటర్లున్నాయి, అవి ఏనాడూ తుమ్మలేదు, దగ్గలేదు.

అంతకుముందు వచ్చిన రిపేరు మేధావులందరూ చేసిన వైద్యం ఒక్కటే. ఆపడం, మళ్ళీ ఆన్ చెయ్యడం. పొద్దున వచ్చి చేశారు, పొద్దున బాగానే ఉంది, పోయారు. రాత్రి ఒక్కడూ కూర్చోలేదు. కూర్చోమంటే ఇంట్లో పిల్లలకి ఒంట్లో బాగాలేదన్నారు.

బావ కట్టరు విప్పించాడు. దిమ్మ తీయించాడు. ఉత్త గాలిలోనే మిషను తిప్పమన్నాడు, ఎవరికీ ఏమీ కాకుండా. షెడ్డులో మిగతా దీపాలు ఆర్పేశారు. మిషను మీద ఒక్క ట్యూబులైటు. దాని వెలుగు దాటితే నల్లగా వరసగా మిగతా మిషన్లు...

ముందు, లోపల ఏ ప్రోగ్రామైనా లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ని నమిలేస్తోందేమో చూశాడు. లేదు, అది ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటోంది. డిస్కు దగ్గర ఏదైనా ఇరుక్కుంటోందా? అదీ లేదు. లైనక్సుకి కనిపించే ప్రతి మూలా వెతికాడు. అంతా శుభ్రంగా ఉంది, అనుమానం వచ్చేంత శుభ్రంగా.

మిషను బల్ల ఇటూ అటూ జారుతోంది... సన్నగా, ఒకే శ్రుతిలో...

టక్.

బావ కుర్చీలోంచి లేచాడు. ఆ అమ్మాయి రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని ఉంది. కీబోర్డు ఆయన ఒళ్ళోనే ఉంది. ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు.

"వచ్చాడు," అంది మెల్లిగా.

"ఎవరు?"

"మీరే చెప్పాలి సార్."

మా బావకి దెయ్యాలంటే నమ్మకం లేదు. కానీ ఆ క్షణంలో వెనక్కి తిరిగి చీకట్లోకి చూశానని ఆయనే ఒప్పుకున్నాడు. చదువుకున్నవాళ్ళ నాస్తికత్వమంతా ట్యూబులైటు వెలుగున్నంత మేరకే.

అప్పుడు ఇంకో పరీక్ష పెట్టాడు. చిన్న ప్రోగ్రాము. దానికి వేరే పనేం లేదు, గడియారం చూస్తుంది, మళ్ళీ చూస్తుంది, మళ్ళీ చూస్తుంది. ఒక చూపుకీ ఇంకో చూపుకీ మధ్య ఎంత కాలం గడిచిందో స్క్రీను మీద అంకె వేస్తుంది. అది చూస్తున్నంతసేపూ లైనక్సులో ఇంకెవరూ అడ్డు రాకుండా తలుపులన్నీ బిగిస్తుంది.

"అప్పుడు కూడా మధ్యలో కాలం మాయమైందనుకో," అన్నాడు బావ, "ఎత్తుకుపోయినవాడు లైనక్సు లోపల లేనట్టే. కింద ఉన్నట్టు."

"కింద ఏముంటుంది?"

"కంప్యూటరు లోపలి బోర్డుతో పాటు పుట్టిన ప్రోగ్రాము ఒకటుంటుంది. ఫర్మ్‌వేర్ అంటారు. దానికి ఏ పనైనా పడితే ప్రాసెసర్ని లాక్కుంటుంది, పని చూసుకుని తిరిగిచ్చేస్తుంది. అడగదు, చెప్పదు. తనని ఆపారన్న సంగతి లైనక్సుకే తెలీదు."

"మరి ఆ కాసేపూ మిషను?"

"దాన్ని పట్టించుకునే దిక్కుండదు."

ఇద్దరూ అంకెని చూస్తూ కూర్చున్నారు. చిన్న అంకె... చిన్నది... చిన్నదే... బయట ఎక్కడో కుక్క మొరిగి ఊరుకుంది... చిన్నదే...

టక్.

రెండంకెలు దాటని సంఖ్య ఒక్కసారిగా స్క్రీను అంచుదాకా పాకింది. మాయమైంది కాలం. లైనక్సు తలుపులన్నీ వేసే ఉన్నాయి. ఎవరో కిందినుంచి వచ్చి, తీసుకుని, పోయారు.

"ఏదో ఒకటి దాన్ని తట్టి లేపుతోంది," అన్నాడు బావ. అప్పటికి ఆయన గొంతు కూడా గుసగుసలోకి దిగిపోయింది. "బయటి నుంచి తగిలించినవి ఒక్కొక్కటే పీకుదాం."

వేడెక్కిందేమో చూశాడు, చల్లగా ఉంది. మౌసు పీకాడు. కూర్చున్నారు... టక్. పెన్ డ్రైవు పీకాడు. కూర్చున్నారు... చాలాసేపు ఏమీ లేదు. హమ్మయ్య అనుకునేలోపు — టక్. కీబోర్డు కూడా పీకేశాడు. అయినా వచ్చింది. వస్తే ఊరికే పోదు, ఒక్కోసారి వెంటవెంటనే మళ్ళీ మళ్ళీ వస్తుంది, తలుపు తియ్యలేదని విసుక్కుంటూ కొట్టినట్టు.

ఇక మిగిలింది ఒక్కటే. సర్వరు వెనక, మిగతా వైర్లకి దూరంగా, ఓ మూలకి సన్నటి కేబులు. అది గోడకి కొట్టిన బెజ్జంలోంచి అవతలికి పోయింది. బెజ్జాన్ని గుడ్డముక్క కుక్కి మూసేశారు.

"ఇదెక్కడికి పోతుంది?"

"తెలీదు సార్. ఓనరుగారు దగ్గరుండి పెట్టించారు. ముట్టుకుంటే ఊరుకోనన్నారు."

బావ పీకేశాడు.

కూర్చున్నారు. అంకె చిన్నగానే ఉంది. బల్ల నున్నగా జారుతోంది. ఎంతసేపు గడిచినా... ఏమీ రాలేదు. రాకపోవడం కూడా భయంగానే ఉందట. గేటు దగ్గర తాతకి ఏమనిపించిందో, టార్చిలైటు గుండెలకి అదుముకుని షెడ్డు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. ఆయన ఆ సమయంలో అంతదూరం రావడం ఆ అమ్మాయి ఎప్పుడూ చూడలేదు.

"ఏం తల్లీ... చప్పుడు లేదేం? ఉన్నారా?"

ఆ అమ్మాయి జవాబు చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే బావ జేబులో ఫోను మోగింది. ముగ్గురూ అదిరిపడ్డారు. తాత చేతిలో టార్చి కింద పడి దొర్లిపోయింది.

ఓనరు.

"ఏమయ్యా, వెనకాల వైరు పీకావా?"

బయట గేటు వేసి ఉంది. ఓనరు ఇల్లు ఊరికి ఆ చివర. పీకిన సంగతి అక్కడ కూర్చున్న ఇద్దరికి తప్ప పురుక్కి కూడా తెలీదు.

"మీకెలా... తెలుసు సార్?"

"ఎలా ఏమిటి? నాకిక్కడ నల్లగా అయిపోయింది. ఏమీ కనపడట్లేదు!"

బావ కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు గానీ తట్టలేదు మా మేధావికి. అలాంటి సర్వర్లకి వెనకాల ఇంకో చిట్టి కంప్యూటరు అతుక్కుని ఉంటుంది, ఆ సన్నటి కేబులు దాన్ని ఇంటర్నెట్‌కి కలుపుతుంది. ఎక్కడో దూరాన, ఇంట్లో కూర్చుని, ఈ స్క్రీను మీద ఉన్నదంతా ఉన్నట్టు చూడొచ్చు, కావాలంటే మీటలు కూడా నొక్కొచ్చు. లైనక్సుకి అది కనపడదు, దాని తోవ దానిది. వృత్తిలో జుట్టు నెరిసిన మనిషికి ఆ కేబులు చూడగానే బుర్ర వెలగాలి. వెలగలేదు. దాన్ని మౌసుకన్నా వెనక, పెన్ డ్రైవుకన్నా వెనక, చిట్టచివర పీకాడు. ఈ మాట నేనన్నప్పుడు ఆయన తల దించుకున్నాడు గానీ ఎదురు చెప్పలేదు.

"రోజూ చూస్తారా సార్?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"చూడకపోతే ఎలా? పగలైతే అక్కడే ఉంటాను, రాత్రిళ్ళు ఎవరు చూస్తారు? షుగరు మనిషిని, ఒంటేలుకి ఎలాగూ లేస్తాను. లేచినప్పుడల్లా ఓసారి తెరిచి చూసుకుంటా. వీళ్ళకి చెప్పకు, చెప్తే జాగ్రత్త పడిపోతారు."

బావ ఫోనుని స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు. కేబులు తిరిగి గుచ్చాడు.

"ఇప్పుడు తెరవండి సార్."

ఒక్క నిమిషం ఏమీ లేదు. తర్వాత — టక్. అంకె ఎగిరింది.

"మూసెయ్యండి... ఆఁ. మళ్ళీ తెరవండి."

టక్.

ఆయన అక్కడ తెరిచిన ప్రతిసారీ ఇక్కడ బోర్డుకి కొత్తగా కీబోర్డూ మౌసూ ఎవరో తగిలించినట్టే లెక్క. వాటిని ఆహ్వానించడానికి ఫర్మ్‌వేరు ప్రాసెసర్ని లాక్కుని పరిగెత్తుతుంది. ఈలోపు మోటార్లు గాలికి. షెడ్డంతా హడలిపోయి చస్తున్న దెయ్యం ఇదీ. నిద్రమత్తులో లుంగీ సర్దుకుంటూ, ఫోను వెలుగులో కళ్ళు చికిలించుకుంటూ, తన దగ్గర పనిచేసేవాళ్ళు కునుకు తీస్తున్నారేమోనని తొంగిచూసే ఒక ముసలి పిసినారి.

బావకి నవ్వొచ్చింది. పకపకా నవ్వబోయి ఆ అమ్మాయి మొహం చూసి ఆగిపోయాడు. ఆ అమ్మాయి అంకెని చూడట్లేదు. ఫోనుని చూస్తోంది.

"సార్," అంది ఫోను మీదికి వంగి, "మా అన్న పోయిన రాత్రి కూడా చూశారా?"

"ఎవరూ, నువ్వా? ... చూశాను. ఎందుకు చూడనూ? చూశాను కాబట్టే అంత ధైర్యంగా చెప్పాను పోలీసులకి. తెరవగానే స్క్రీను మీద కట్టరు దారి చూపించే గీత ఒక్క క్షణం ఆగింది. పని నడుస్తుంటే గీత ఎందుకాగుతుంది? వీడు కునికాడని అప్పుడే అర్థమైంది నాకు. నమ్మలేక మూసి మళ్ళీ తెరిచా. మళ్ళీ ఆగింది. ఎన్నిసార్లు తెరిచానో నాకే గుర్తులేదు. తెరిచిన ప్రతిసారీ ఆగింది!"

చాలా గొప్పగా చెప్పాడట. సాక్ష్యం చెప్పే మనిషి గొంతుతో.

తాత మెల్లిగా గోడకి చేరబడి, అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. నిద్రమొహం, నిద్రమొహం అని అందరికన్నా ఎక్కువసార్లు అన్న నోరు ఆయనదే.

ఇంక బావే చెప్పాల్సి వచ్చింది. నసగకుండా చెప్పాడు. ఆ గీత ఆగింది ఆపరేటరు నిద్రపోయినందువల్ల కాదనీ, మీరు తెరిచినందువల్లేననీ. మీరు తెరిచిన ప్రతిసారీ కట్టరు దారి తప్పిందనీ, ఆ రాత్రి అన్నిసార్లు తప్పాకే విరిగిందనీ. ఇందాకట్నుంచీ మీరు తెరుస్తుంటే మేం ముగ్గురం కళ్ళారా చూస్తున్నామనీ.



అవతల ఓనరు ఫోను పెట్టెయ్యలేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది. సారీ అంటాడేమో, కనీసం అబద్ధమని అరుస్తాడేమోనని బావ చూశాడు. మిషను బల్ల తన మానాన తాను జారుతోంది. అంకె చిన్నగా ఉంది... చిన్నగా... చిన్నగానే...

టక్.

బావ స్క్రీను వంక చూశాడు. తాత చూశాడు. అంత విన్నాక కూడా, ఒక మనిషి ప్రాణం దేనివల్ల పోయిందో తెలిశాక కూడా, వాళ్ళేం చేస్తున్నారోనని వాడు మళ్ళీ తెరిచి చూస్తున్నాడు. మా బావ చాలా షెడ్లు తిరిగాడు, చాలా చెత్త చూశాడు. అంత నీచాన్ని మాత్రం ఎప్పుడూ చూడలేదన్నాడు.

ఆ అమ్మాయి ఏడవలేదు, తిట్టలేదు. మిషను ఆపింది. సర్వరు వెనక్కి వెళ్ళి ఆ సన్నటి కేబులు పట్టుకుంది.

"సార్, పొద్దున నేనూ, తాతా, ఈ సారూ స్టేషనుకి వెళ్తున్నాం," అంది. "మా అన్న నిద్రపోలేదని చెప్పడానికి. అది మీకు ఇందులో కనపడదు కదా, అందుకని ముందే చెప్తున్నా."

చెప్పి, పీకేసింది.